ఓడ నిండిన ఏడాది

దేశాన్నేలే చక్రవర్తిగారు మంచాన పడ్డ ఏడాదే మా పాట పైకి లేచింది.

అప్పటికి ఇరవై ఏళ్లకు పైగా మా ఆయన పాడుతూ, నేను పక్కన అకార్డియన్ వాయిస్తూ తిరుగుతున్నాం. ఉత్తర తీరంలో మేం ఎక్కని సారాకొట్టు మెట్టు లేదు. రికార్డుల షాపుల ముందు ఖాళీ బీరు పెట్టెలు బోర్లించి వాటిమీద నిలబడి పాడాం. వేడినీటి బుగ్గల హోటళ్లలో, పళ్లెంలో చేప మీద తప్ప మరి దేనిమీదా ధ్యాస లేని జనం ముందు పాడాం. ఏడాదికో రెండేళ్లకో ఒక పాట వచ్చేది. నాలుగు నెలలు ఉండి పోయేది. ఆ వసంతంలో ఒక చిన్న రికార్డుల కంపెనీ వేసిన 'ఓడ నిండిందోయ్' మాత్రం పోలేదు.

అది జాలరి పాట. 'వల బరువాయె, ఒళ్లు తేలికాయె, శుభం శుభం, ఓడ నిండిందోయ్' అని ప్రతి చరణం చివరా జనం చప్పట్లు కొట్టుకుంటూ అందుకునేలా ఉంటుంది. పట్నంలో ఆ ఏడు కుర్రాళ్లు చక్రాల బూట్లు తొడుక్కుని పాడుతున్నారు, పిల్లలు అరచేతిలో పట్టే బుల్లి వెండి పళ్లేల్లాంటి కొత్తరకం రికార్డులు కొనుక్కుంటున్నారు. మాది క్యాసెట్లు కొనేవాళ్ల పాట. లారీ డ్రైవర్లు కొన్నారు, చేపల వేలం పాడేవాళ్లు కొన్నారు. బార్లకూ మంగలి షాపులకూ తీగల మీద పాటలు పంపే కంపెనీ ఒకటి ఉంది. దానికి ఫోన్ చేసి ఫలానా పాట వెయ్యమంటే వేస్తారు. ఎండాకాలం వచ్చేసరికి మేం ఉండే షియొగామ రేవులో ఏ బారు తలుపు తెరిచినా లోపలినుంచి మా ఆయన గొంతే వినబడేది.

మా ఆయన అసలు పేరు సుగావర తొకుజి. వేదిక మీద పేరు షియోమి హజిమె. ఆ పేరు పెట్టింది నేనే.

ఆగస్టులో, మాకు ఉత్తరాన ఉన్న ఒక చిన్న రేవులో పండగ జరిగింది. వేదికంటే లారీ వెనక తలుపు దించి చుట్టూ కాగితం లాంతర్లు కట్టడమే. ఆయన ఎప్పటిలాగే ఎక్కే ముందు లారీ చాటుకు పోయి వాంతి చేసుకున్నాడు. నేను ఎప్పటిలాగే అల్లం నీళ్లు పట్టుకుని నిలబడ్డాను. ఆ తర్వాత ఆయన మూతి తుడుచుకుని, మెట్లెక్కి, ఒక్కసారిగా మనిషి మారిపోయి చేతులు చాపాడు. రేవు రేవంతా హోరెత్తింది. ఆ ఒక్క పాటే మూడుసార్లు పాడించుకున్నారు. చివర్లో వేలం పాటగాడొకడు ఆయన్ని భుజాలమీద ఎక్కించుకుని పడవల దాకా మోసుకెళ్లాడు. నేను లారీ మీద ఒక్కదాన్నే నిలబడి వాయిస్తూనే ఉన్నాను. నా జన్మలో అంత సంతోషం ఎరగను.

తిరిగి వచ్చేటప్పుడు వ్యాను నేనే నడిపాను.

"చూశారా? మూడోసారి కూడా అడిగారు!" అన్నాను.

"చూశాను."

"ముందు వరసలో ఆ ముసలాయన ఏడ్చాడండీ."

"తాగున్నాడు ఫుసా."

"తాగినవాళ్లంతా ఏడుస్తారా ఏమిటి? మీకు ఏదీ ఆనదు."

ఆయన నవ్వాడు. గొంతు పోయింది, మాట్లాడించకు అని మఫ్లర్ మెడకు చుట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఇల్లు చేరేదాకా నేనే మాట్లాడాను.

సెప్టెంబరు మొదట్లో మా పాట వేసిన కంపెనీ మనిషి నెగొరొ ఫోన్ చేశాడు. మా ఆయనకంటే పదేళ్లు చిన్నవాడు. ఆయన్ని గురువుగారనీ నన్ను వదినగారనీ పిలుస్తాడు. మా పాటల్లో మునిగినవన్నీ మాతోపాటు మోసినవాడు.

"వదినగారూ, కూర్చున్నారా? కూర్చోండి. సెండాయ్ పెద్ద హాల్లో అక్టోబరులో పాటల కార్యక్రమం. టీవీలో. దేశమంతా వస్తుంది. మనకు ఒక పాట ఇచ్చారు."

నేను రిసీవరు పట్టుకునే నేలమీద కూలబడ్డాను. ఆ సాయంత్రమే బజారుకు పోయి, ఆయన వేదిక దుస్తులకని కెరటాల అద్దకం ఉన్న ముదురు నీలం పట్టు కొన్నాను. కెరటాలు అంచుకు రావాలని, ఆయన చేతులు చాపినప్పుడు అవి విచ్చుకోవాలని కొలిచి కత్తిరించాను. కింద చాపలు నేసే దుకాణం నడిపే హత్సు మామ్మ, మా ఇంటి యజమానురాలు, అద్దాలు ముక్కు మీదికి జార్చి ఆ బట్ట తడిమి చూసింది.

"కాస్త వదులుగా కుట్టవే అమ్మాయ్. టీవీలో లావుగా కనబడతారట. బిగుతుగా ఉంటే ఊపిరాడక చస్తాడు."

నేను నవ్వాను. అంచు సగం కుట్టేసరికి ఆ వార్త వచ్చింది.

ఒకనాటి రాత్రి చక్రవర్తిగారికి నెత్తురు పోయిందన్నారు. తెల్లారేసరికి టీవీలో ఏ కార్యక్రమం వస్తున్నా తెర మూలన ఆయన జ్వరం ఎంత, నాడి ఎంత అని అంకెలు కనబడడం మొదలైంది. మొదటి రెండు రోజులూ అందరిలాగే నేనూ అయ్యో పాపం అనుకున్నాను. మూడోనాడు ఫోన్ మోగింది. ఒక రేవు పండగ కమిటీ పెద్ద.

"ఇలాంటి సమయంలో..." అన్నాడాయన.  మిగతాది చెప్పనక్కర్లేదన్నట్టు ఆగాడు.

ఆ తర్వాత అందరూ అదే మాట అన్నారు. ఇలాంటి సమయంలో. కోతల పండగ కమిటీ, సంతవాళ్లు, ఏటా మమ్మల్ని పిలిచే సారాబట్టీ యజమాని, ఆఖరికి ఒక పెళ్లివారు కూడా. నిగ్రహం పాటిస్తున్నామండీ అని ఆ పెళ్లికూతురి తండ్రి ఏడుపు గొంతుతో అన్నాడు. పెళ్లి మానుకోలేదు, పాటలు మాత్రం మానుకున్నారట. ఎవరు ఆపమన్నారంటే ఎవరూ చెప్పలేరు. పక్క ఊరివాళ్లు ఆపారు కాబట్టి ఈ ఊరివాళ్లు ఆపారు. దుకాణాలలో పండగ ఎర్రకాగితాలు తీసేశారు. టీవీ ప్రకటనలో ఒక నటుడు కారు అద్దం దించి క్షేమమేనా అని అడిగేవాడు. ఇప్పుడు అతని పెదవులు కదులుతున్నాయిగానీ మాట రావడం లేదు.

హత్సు మామ్మ ఎండుగడ్డి కట్టలు సర్దుతూ గొంతు తగ్గించి అంది: "మా ఆయన యుద్ధానికెళ్లి దక్షిణ సముద్రంలో పోయినప్పుడు ఎవరూ ఏ పండగా ఆపలేదు. పైగా జెండాలు ఊపారు. నేనన్నానని అనకు."

నెగొరొ కేకు పెట్టె పట్టుకుని స్వయంగా వచ్చాడు. కేకు తెచ్చాడంటేనే నాకు అర్థమైంది. అతను గుమ్మం దగ్గర బూట్లు విప్పుతుండగానే అడిగాను, కార్యక్రమం ఆగిపోయిందా అని.

"ఆగలేదు వదినగారూ. నెమ్మది పాటలు మాత్రం పెడతారట. వాన పాటలు, రైలు పాటలు, అలాంటివి. మనదేమో..."

"ఒక్క మాట మారిస్తే? ఆ 'శుభం శుభం' తీసేసి 'పదం పదం' అనో, 'బలం బలం' అనో..."

నెగొరొ తల వంచుకున్నాడు. "మాట తీసేస్తే పోయేది కాదమ్మా. ఆ పాట మొత్తం శుభమే. ఎక్కడ పట్టుకున్నా నవ్వుతుంది. ఏం చెయ్యమంటారు?"

"మీరు గట్టిగా అడిగారా అసలు?"

"అడిగాను. గురువుగారి మీద ఒట్టు. ఇలాంటి సమయంలో అన్నారు."

అప్పుడు మా ఆయన పకపకా నవ్వాడు. నేనూ నెగొరొ ఉలిక్కిపడ్డాం. ఆయన కాళ్లకు వెచ్చదనమిచ్చే కోతత్సు బల్ల దగ్గర కూర్చుని కేకు పెట్టె దారం విప్పుతున్నాడు. "ఎక్కడ పట్టుకున్నా నవ్వుతుందట. ఎంత బాగా చెప్పావయ్యా! రా, కూర్చో. స్ట్రాబెర్రీ ఉన్న ముక్క ఎవరికి?" అన్నాడు.

బాధను దాచుకుంటున్నాడనుకున్నాను. 

అక్టోబరంతా ఫోన్ మోగలేదు. నేను అకార్డియన్ పెట్టెలోంచి తీసి తుడిచి మళ్లీ పెట్టేదాన్ని. పాట చచ్చిపోతోందని నాకు భయం. మా పాటలాంటిది ఊరూరా వినబడుతున్నంత కాలమే బతుకుతుంది. ఒక్క నెల నోళ్లలో నానకపోతే ఇంక లేవదు. అందుకని ఇంటి ఫోన్‌తో కాకుండా రేవు దగ్గర బూత్‌లోకి పోయి ఆ తీగల కంపెనీకి ఫోన్ చేసేదాన్ని. ఒకరోజు ముసలి గొంతు పెట్టి, ఒకరోజు బారు యజమానురాలిలా కులుకుతూ.

"హలో, షియోమి హజిమె పాట వేస్తారా? 'ఓడ నిండిందోయ్'. మా కస్టమర్లు పట్టుబడుతున్నారు."

 అవతల ఫోన్ ఎత్తే అమ్మాయి మెల్లగా అంది: "అమ్మా, మీరు నిన్న కూడా చేశారు కదండీ."

"నేనా? లేదే."

"మొన్న కూడా. మీ వెనకాల సముద్రపు పిట్టల అరుపు వినబడుతుందండీ." ఆ పిల్ల గొంతులో వెక్కిరింత లేదు. "ఆ క్యాసెట్ పక్కన పెట్టమన్నారమ్మా పైవాళ్లు. పండగ పాటలన్నీ ఒక పెట్టెలో వేసేశారు. నాక్కూడా ఇష్టమే ఆ పాట. ఏదైనా వాన పాట వెయ్యమంటారా?"

"వెయ్యమ్మా," అన్నాను. 

ఇంటికి వచ్చేసరికి మా ఆయన బట్టలు మార్చుకుంటున్నాడు. కంబె అనే ఆయనకు రేవులో కామబొకొ ఫ్యాక్టరీ ఉంది. చేప మాంసం రుబ్బి, వెదురాకులా ఒత్తి, పుల్లకు గుచ్చి నిప్పులమీద కాలుస్తారు. అక్కడ మనుషులు కావాలట. తెల్లవారుజామున పోయి మధ్యాహ్నం దాటాక రావాలి.

"మీరా? చేపల ఫ్యాక్టరీలోనా?" అన్నాను.

"పండగలు మొదలయ్యేదాకా. ఊరికే కూర్చుంటే ఏం తోస్తుంది?"

"ఆ పొగకు గొంతు పాడవుతుందండీ!"

"మూతికి గుడ్డ కట్టుకుంటాలే."

ఆయనకు అన్నం డబ్బా కట్టిచ్చి, కిటికీలోంచి ఆయన రబ్బరు బూట్లతో చీకట్లో దిగిపోవడం చూశాను. ఊరూరా గోడలమీద ఈయన బొమ్మ అంటించింది ఈ ఎండాకాలంలోనే కదా అనుకుంటే ఏడుపొచ్చింది. సగం కుట్టిన నీలం పట్టును మడిచి బీరువాలో అడుగున పెట్టాను.

రోజులు గడిచాయి. మధ్యాహ్నాలు ఆయన చేప వాసనతో వచ్చేవాడు. ఆకారం చెడిపోయినవీ, ఒక పక్క మాడినవీ కాగితంలో చుట్టి తెచ్చేవాడు. కింద హత్సు మామ్మకు రెండిచ్చి పైకి వచ్చేవాడు. స్నానం చేసి, కడుపునిండా తిని, ఎనిమిదింటికల్లా పడుకునేవాడు. ఇదివరకు ఆయన నిద్ర నాకు బాగా తెలుసు. రాత్రి పొడుగునా దొర్లేవాడు, పళ్లు కొరికేవాడు. ఇప్పుడు పడుకున్నవాడు పడుకున్నట్టే ఉండేవాడు. పొద్దున్నే ఉప్పునీళ్లు పుక్కిలించడం మానేశాడు. మఫ్లర్ మేకుకు వేలాడుతూ ఉండిపోయింది. బుగ్గలు నిండాయి.

ఇంట్లో ఆయన ఒక్క కూనిరాగం కూడా తీయడం లేదని నాకు నవంబరు చివర్లో తట్టింది. దిగులు, ఇంకేమిటి అనుకున్నాను. ఆ దిగులు పోగొట్టాలని అకార్డియన్ తీసి పాత పాటలు వాయించేదాన్ని. ఆయన పేపరు చదువుకుంటూ, "బాగుంది," అనేవాడు. అంతే. వాయిస్తూ వాయిస్తూ నేను చరణం దగ్గర ఆగేదాన్ని, ఆయన అందుకుంటాడని. ఆయన పేజీ తిప్పేవాడు. పాట పాడేవాడు పక్కనే ఉండగా పాట లేకుండా వాయించడం ఎలా ఉంటుందో అంతకుముందు నాకు తెలియదు. బయట మంచు పడేది. వీధిలో ఎక్కడా పాట లేదు. ఏటా సంవత్సరాంతపు విందుల్లో ఈ పాటికి గొంతులు చించుకునే జనం, ఆ ఏడు తలుపులు దగ్గరగా వేసుకుని తాగారు.

డిసెంబరులో ఒకరోజు ఆయన అన్నం డబ్బా మరిచిపోయి వెళ్లాడు. నేను దాన్ని గుడ్డలో చుట్టుకుని రేవుకు నడిచాను. ఫ్యాక్టరీ పక్క తలుపు వారగా తెరిచి ఉంది. లోపలంతా ఆవిరి. నిప్పుల గాడి వెంట ఆడవాళ్లు వరసగా కూర్చుని పుల్లలు తిప్పుతున్నారు. వాళ్ల మధ్య తలకు తెల్లగుడ్డ కట్టుకుని మా ఆయన. ఏదో చెబుతున్నాడు. ఏం చెప్పాడో గానీ వాళ్లంతా ఒకరిమీద ఒకరు పడి నవ్వుతున్నారు. ఆయన కూడా నవ్వుతున్నాడు, కళ్లలో నీళ్లు తిరిగేలా, చేతిలో పుల్ల ఊగిపోయేలా. వేదిక మీద ఆయన నవ్వు నేను ఎన్ని వేలసార్లు చూసి ఉంటానో. ఇలాంటి నవ్వు వాటిలో ఒక్కటీ లేదు.

"సుగావర గారూ, ఒక పాటేసుకోవయ్యా, చలికి!" అని ఒకామె అరిచింది.

"అమ్మో, నాకు పాటలేం రావు తల్లీ. నేను నోరెత్తితే చేపలు మళ్లీ నీళ్లలోకి దూకుతాయి," అన్నాడాయన.

నేను తలుపు పక్కకు జరిగి నిలబడ్డాను. బొగ్గు బస్తా ఈడ్చుకుంటూ ఒక పెద్దావిడ బయటికి వచ్చింది. ఒయికావ అని ఏప్రను మీద పేరు కుట్టి ఉంది.

"ఎవరికోసమమ్మా? ఓ, సుగావర గారి ఇల్లాలివా? బంగారంలాంటి మనిషమ్మా. వచ్చినకాడినుంచీ మాకు పొద్దు తెలియట్లేదు." బస్తా కిందపెట్టి నడుం పట్టుకుంది. "ఇదివరకు లారీ నడిపేవాడటగా? నడుం నొప్పని మానేశాడట."

నేను ఆవిడ మొహం చూశాను.

"అవునండీ," అన్నాను. "లారీయే."

"పిలవనా?"

"వద్దులెండి. ఊరికే ఇటు వచ్చాను."

రేవు చివర గట్టు మీద కూర్చుని ఆ డబ్బా విప్పాను. అన్నం ఇంకా కొంచెం వెచ్చగానే ఉంది. మధ్యలో పెట్టిన ఊరగాయ ప్లమ్ పండు చుట్టూ అన్నం ఎర్రబడింది. పడవలన్నీ కట్టేసి ఉన్నాయి. మొత్తం తినేశాను. మెతుకు మిగల్చలేదు. ఇంటికి వచ్చాక డబ్బా కడిగి బోర్లించాను. సాయంత్రం ఆయన డబ్బా మర్చిపోయానోయ్ అంటే, చూశాను, అన్నాను.

జనవరి ఏడో తారీఖు పొద్దున చక్రవర్తిగారు పోయారు. రెండు రోజులు టీవీలో పాటా లేదు, ప్రకటనా లేదు. వీడియో షాపులో జనం క్యూ కట్టి అరలన్నీ ఖాళీ చేశారు. ఆయన పోయిన మధ్యాహ్నమే టీవీలో ఒక పెద్దమనిషి చట్రం కట్టిన కాగితం పైకెత్తి కొత్త చక్రవర్తి శకం పేరు చూపించాడు. హత్సు మామ్మ గుమ్మానికి నల్లరిబ్బను కట్టిన జెండా పెట్టింది. పెట్టి, లోపలికి వచ్చి, వాళ్లాయన ఫొటో ముందు కూడా కాస్త సారా పోసింది. దుకాణంలో ఆవిడా నేనూ చాలాసేపు కూర్చున్నాం. 

ఫిబ్రవరి చివర్లో నెగొరొ ఫోన్ చేశాడు. గొంతులో మళ్లీ పాత ఊపు వచ్చింది, వేగంగా మాట్లాడుతున్నాడు. అంత్యక్రియలు అయిపోయాయి. అందరూ ఊపిరి బిగబట్టి ఉన్నారు, ఇప్పుడు వదులుతున్నారు. ఏప్రిల్లో ఒక రేవులో కొత్త పడవ నీళ్లలోకి దింపుతున్నారు, ఆ పాటే కావాలన్నారు. మే నెలలో టీవీ. "వదినగారూ, మన పాట చావలేదు! నిద్రపోయిందంతే!"

రాత్రి భోజనం దగ్గర చెప్పాను. 

"నెగొరొ ఫోన్ చేశాడండీ."

"ఊఁ."

"ఏప్రిల్లో పడవ పండగట. మే నెలలో టీవీ మళ్లీ పెడతారట. మనల్నే అడిగారట."

ఆయన మిసో చారు గిన్నె కింద పెట్టాడు. అన్నం తినే పుల్లలు వాటి పీట మీద సరిగ్గా పక్కపక్కన పెట్టాడు.

"ఫుసా, నేను వెళ్లను."

"గొంతు పట్టేసిందా? చెప్పానుగా ఆ పొగ! రేపటినుంచీ అల్లం..."

"గొంతు బాగానే ఉంది. ఇంత బాగా ఎప్పుడూ లేదు. కంబె గారు ఏప్రిల్ నుంచి పర్మినెంటు చేస్తానన్నాడు. సరేనన్నాను."

"నన్నడక్కుండానా?"

"నిన్నడక్కుండానే." ఆ మాట అంటుంటే ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"మరి ఇన్నేళ్లూ?"

"ఎక్కే ముందు ప్రతిసారీ కడుపులో తిప్పేది. నువ్వు చూశావుగా."

"అది అందరికీ ఉంటుందండీ. ఎంతెంత పెద్దవాళ్లకో..."

"దిగాక కూడా ఉండేది ఫుసా. అది నువ్వు చూళ్లేదు. నువ్వు జనాన్ని చూసేదానివి."

కిటికీ అద్దం మీద మంచు కొట్టుకుంటోంది. నాకు ఏదో ఒకటి విసిరికొట్టాలనిపించింది. కొట్టలేదు.

"ఒక్కసారైనా నాతో అని ఉండొచ్చుగా?"

"అంటే నువ్వు ఆ అకార్డియన్ కింద పెట్టేస్తావని భయం. అది భుజాన వేసుకుంటే నీ మొహం వెలిగిపోతుంది. ఆ మొహం చూడ్డానికి నాకు ఇంకో దారి తెలీలేదు."

ఇరవై ఏళ్లలో ఆయన నాతో ఇంత మాట ఎప్పుడూ అనలేదు. అది విని సంతోషించాలో, ఆయన ఇంక రాడని ఏడవాలో తెలియలేదు. నా నోట ఇంకో మాట వచ్చింది.

"వాళ్లకు లారీ నడిపేవాడినని చెప్పారటగా."

ఆయన తలెత్తాడు. "నువ్వు వచ్చావా?"

"డిసెంబరులో. డబ్బా తెచ్చాను."

"మరి ఆ డబ్బా?"

"నేనే తినేశాను."

ఆయన మూతి వంకర పోయింది. నాకూ నవ్వు రాబోయింది. 

"పాట నీది ఫుసా," అన్నాడు ఆయన చివరికి. "నువ్వే పాడు."

"నాదీ ఒక గొంతేనా? బొంగురు."

"జాలర్లవి మాత్రం ఏం గొంతులు?" అని పళ్లేలు తీసుకుని లేచాడు. ఆ రాత్రి గిన్నెలు ఆయనే కడిగాడు.

నెగొరొ బతిమాలాడు, కేకు తెచ్చాడు, ఒకరోజు కోపంతో కేకలేశాడు కూడా. మా ఆయన అతనికి కామబొకొ కాల్చి పెట్టి, చారు పోసి, స్టేషను దాకా దిగబెట్టి వచ్చాడు. మే నెల టీవీ వేరెవరికో ఇచ్చారు. పడవ పండగవాళ్లు మాత్రం, ఆ వాయించే ఆవిడైనా రానీండి అన్నారట. నెగొరొ ఆ సంగతి చెబుతూ మొహమాటపడ్డాడు. నేను వస్తానన్నాను.

ఏప్రిల్లో పొద్దున్నే వ్యాను తీశాను. అప్పటికే మా ఆయన పనికి వెళ్లిపోయాడు. పక్క సీటు ఖాళీగా ఉంటే అక్కడ అకార్డియన్ పెట్టి బెల్టు పెట్టాను. దారంతా చెర్రీలు ఇంకా మొగ్గల్లోనే ఉన్నాయి. మాట్లాడడానికి ఎవరూ లేరు కాబట్టి మాట్లాడలేదు.

రేవులో కొత్త పడవకు రంగుల జెండాలు కట్టారు. చెక్కబల్లలతో వేదిక. కమిటీ పెద్ద నా వెనక్కి తొంగిచూశాడు.

"షియోమి గారేరీ?"

"ఆయన పాడడం మానేశారండీ."

"అయ్యో, జబ్బా?"

"లేదండీ. బాగున్నారు. చాలా బాగున్నారు."

ఆయనకు అర్థం కాలేదు. పాపం తల ఊపాడు. నేను ఎక్కి మొదలుపెట్టాను. మొదటి చరణం జనమే పాడేశారు, నాకోసం చూడకుండా. నేను ఊపిరి పీల్చుకున్నాను. వాళ్లకు మొదటి చరణం మాత్రమే వచ్చు. మధ్యలో వాయిద్యం అయిపోవస్తుంటే, ఇన్నేళ్ల అలవాటున ఎడమవైపు తిరిగి తల ఊపాను. ఆయన రెండో చరణం అందుకోవడానికి నేనిచ్చే సైగ అది. అక్కడ జెండా తాడు కొట్టుకుంటోంది. జనం నా వంకే చూస్తున్నారు. ఆ వరస మళ్లీ ఒక చుట్టు వాయించి, నోరు తెరిచాను.

నా గొంతు నాకే కొత్తగా వినబడింది. బొంగురే. పైస్థాయి అందలేదు, కిందికి దించుకున్నాను. ఎవరూ లేచిపోలేదు, అలాగని ఎవరూ ఏడవనూ లేదు. ముందు వరసలో ఒక ముసలమ్మ మాత్రం చప్పట్లు ఆపేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని, పాట అయ్యేదాకా నా నోటి వంక చూస్తూ కూర్చుంది. మూడో చరణం చివర 'శుభం శుభం' అని ఆవిడ పెదవులు కదిలాయి. ఒక్కసారే పాడాను. రెండోసారి ఎవరూ అడగలేదు. పడవ నీళ్లలోకి జారుతుంటే అందరూ అటు పరిగెత్తారు. నేను బెల్టులు విప్పి పెట్టె మూశాను.  మళ్లీ ఎక్కాలని ఉంది.

దారి పొడుగునా, ఇల్లు చేరగానే చెప్పాల్సినవి కూడబెట్టుకున్నాను. సైగ చేసిన సంగతి, ఒక చుట్టు ఎక్కువ వాయించిన సంగతి, ఆ ముసలమ్మ సంగతి. ఆయన పకపకా నవ్వుతాడు. తర్వాత ఏమంటాడు? ఏదో ఒకటి అంటాడు.

మెట్లెక్కి తలుపు తీసేసరికి దీపం తగ్గించి ఉంది. బల్లమీద నా భోజనం, మీద బోర్లించిన పళ్లెం. స్నానానికి నీళ్లు వేడిగా ఉన్నాయి, మీద చెక్కమూత. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"ఏవండీ," అన్నాను.

ఊపిరి నెమ్మదిగా, లోతుగా వస్తోంది. భుజమ్మీద చెయ్యి వేశాను. వెచ్చగా ఉంది. చేప వాసన సబ్బుకు కూడా పోలేదు. కాసేపు అలాగే ఉంచి, చెయ్యి తీసేశాను. తెల్లవారకముందే ఆయన పనిలోకి పోవాలి.